పొదగడం వేరు, పెంచడం వేరు

పల్లెల్లో కోడిపెట్ట కింద బాతు గుడ్లు పొదగేయడం పాత అలవాటు. గంపలో ఇంత గడ్డి పరిచి, పొదుగు మీదున్న పెట్టను కూర్చోబెడితే 28 రోజులకు బాతుపిల్లలు లేస్తాయి. తమను లేపింది కోడా బాతా అన్న పట్టింపు వాటికి ఉండదు. ఒంటినిండా నూగుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. పుట్టిన మర్నాటికే నడుస్తూ, చల్లిన నూకలు వాటంతటవే ఏరుకుంటాయి. అదే పెట్ట కింద పావురం గుడ్డు పెడితే? అదీ పొదుగుతుంది. కోడి ఒంటి వేడి దానికి సరిపోతుంది, 18 రోజులు తిరిగేసరికి పెంకు పగులుతుంది. కానీ బయటపడిన పిల్ల రెండు మూడు రోజులకు మించి బతకదు. కోడి మేత చూపించి పిల్లల్ని పిలుస్తుందే తప్ప నోట్లో పెట్టదు. పావురం పిల్లకేమో కళ్లు తెరుచుకోవు, కాళ్లు నిలవవు, పసుప్పచ్చని పలచటి నూగు తప్ప ఒంటిమీద ఏమీ ఉండదు. గింజ ముక్కు దగ్గరే ఉన్నా అది తిండి అని దానికి తెలియదు. గుడ్డును పిల్లగా మార్చేది వేడి. ఆ వేడి కోడి ఇచ్చినా, కరెంటు పెట్టె ఇచ్చినా ఒకటే. పిల్లను రెక్కలొచ్చిన పక్షిగా మార్చేది మాత్రం దాన్ని కన్న జంట.

ఇళ్లలో తిరిగేవి కోళ్లూ బాతులే కాబట్టి పొదగడం, పెంచడం మనకు ఒకే పనిలా అనిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురంలో, ఉద్దానం కొసన ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో ఏటా చెట్ల మీద వెలిసే గూళ్ల విషయంలో మన ఆలోచన తప్పుదారి పట్టేది ఇక్కడే. గూడున్న చెట్టును కాపాడితే చాలు, కిందపడ్డ పిల్లను ఎత్తి నాలుగు చేపలు పెడితే చాలు అనుకుంటాం. రెండూ అవసరమే. అయితే ఆ గూళ్లలోవి బాతుపిల్లల్లాంటివి కావు, పావురం పిల్లల్లాంటివి. వాటిని పెంచేది తల్లీతండ్రీ. ఆ తల్లీతండ్రులను పోషించేది నౌపడ చిత్తడి, చెరువులు, వరి మడులు. పిల్లను కాపాడాలంటే ముందు దాని తల్లిదండ్రులు తిరిగే నీటిని కాపాడాలన్నది నా వాదన. ఎందుకంత గట్టిగా అంటున్నానో తెలియాలంటే మన కిటికీ చూరులో కాపురముండే పావురంతోనే మొదలుపెట్టాలి.

పావురం ఒక కాన్పుకు రెండే గుడ్లు పెడుతుంది. మొదటిది పెట్టాక దాదాపు రెండు రోజులకు రెండోది. రెండోది వచ్చేదాకా గట్టిగా పొదగదు, అందుకే రెండు పిల్లలూ ఇంచుమించు ఒకేసారి బయటికొస్తాయి. సాయంత్రం నుంచి మర్నాటి పొద్దెక్కేదాకా ఆడది కూర్చుంటుంది, పగటి పూట ఎక్కువ భాగం మగది. ఈ వంతులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, అసలు అద్భుతం లోపల జరుగుతుంది. పొదుగుడు ముగిసే రోజులకు ఆడ మగ రెండింటికీ గొంతు కింద గింజలు నిలవుండే సంచి లోపలి పొర దళసరెక్కుతుంది. ఆ పొర పెచ్చులు పెచ్చులుగా ఊడి, విరిగిన పాలలాంటి ముద్దగా తయారవుతుంది. దీన్నే పావురం పాలు అంటారు. నీటిని మినహాయిస్తే అందులో సగానికి పైగా మాంసకృత్తులు, దాదాపు మూడో వంతు కొవ్వు. రోగాలను తట్టుకునే రక్షణ పదార్థాలు కూడా ఇందులోంచే పిల్లకు అందుతాయి. ఆవుకు పొదుగులో పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోనే పావురానికి గొంతులో ఈ పాలు పుట్టిస్తుంది. నిజానికి 1933లో అమెరికా శాస్త్రవేత్త ఆస్కార్ రిడిల్, ఆయన సహచరులు ఆ హార్మోన్‌కు పేరు పెట్టిందే పావురాల గొంతు సంచుల మీద ప్రయోగాలు చేసి. మొదటి మూడు నాలుగు రోజులూ పిల్లకు ఇదే ఆహారం, ఇంకేదీ కాదు. రెండు రోజులు తిరిగేసరికి పుట్టినప్పటి బరువుకు రెట్టింపవుతుంది. తర్వాత నానిన గింజలు కొద్దికొద్దిగా కలుస్తాయి. వారం దాటేవరకు తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు, నాలుగు వారాలకు గానీ గూడు వదలదు. ఇన్ని రోజులూ ఏదో ఒక పక్షి వంతు తప్పకుండా రావాలి. రెండింటిలో ఒకటి పిల్లి పాలబడితే మొదటి వారంలో పిల్లల పరిస్థితి ప్రాణాపాయమే.

కాబట్టి పావురం పిల్ల కిందపడి కనిపిస్తే చేయాల్సిన మొదటి పని దానికి తిండి పెట్టడం కాదు, గూడు ఎక్కడుందో వెతకడం. దెబ్బ తగలకపోతే తిరిగి గూట్లో పెట్టేయాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్న మాట చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. గూడు దొరకనప్పుడు ముందు వెచ్చదనం ఇవ్వాలి. చల్లబడి ఉన్న పిల్లకు తిండి అరగదు. నోరు తెరిచి నీళ్లూ ఆవుపాలూ పోయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ పాలను అరిగించుకునే శక్తి పక్షి కడుపుకు ఉండదు. పిచ్చుక పిల్ల నోరు తెరిచి అడుగుతుంది గానీ పావురం పిల్ల అలా అడగదు. తన ముక్కును తల్లి నోట్లోకి దూర్చి లాక్కుంటుంది. అందుకే దీన్ని చేత్తో పెంచేవాళ్లు పలచటి జావను చిన్న గొట్టంలో నింపి, పిల్ల ముక్కు దూర్చేలా సందు వదిలి పట్టుకుంటారు. ఈకలు మొలుస్తున్న పిల్లకైతే నానబెట్టిన పెసలు, బఠాణీలు ఒక్కొక్కటిగా తినిపించవచ్చు. పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంత చేసినా మొదటి మూడు రోజుల పిల్ల బతకడం అరుదు. మన వంటింట్లో పావురం పాలకు సాటి వచ్చేది ఏదీ లేదు.

ఇప్పుడు తేలినీలాపురం చెట్ల మీదికి చూద్దాం. అక్కడ గూళ్లు కట్టేవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి పెలికాన్, పుస్తకాల్లో గూడబాతు. రెండోది ఎర్రకాళ్ల కొంగ. వర్షాకాలం చివర్లో వచ్చి, చలికాలమంతా పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. గూడబాతు సాధారణంగా మూడు నాలుగు తెల్లటి గుడ్లు పెడుతుంది. చాలా పక్షులకు పొదిగే కాలంలో పొట్ట మీద ఈకలు రాలి వెచ్చటి చోటు ఏర్పడుతుంది. పెలికాన్లకు అలా ఉండదు. వేళ్ల మధ్య చర్మం పరుచుకున్న తమ పాదాలతోనే గుడ్లకు వేడినిస్తాయి. చెట్టు కింద టపాసులు పేల్చినా, డప్పు మోగినా అదిరిపడి లేచిన పక్షి పాదాల కింది గుడ్డు దొర్లిపోవడం ఎంత తేలికో దీన్నిబట్టే ఊహించవచ్చు. నెల రోజులకు పిల్ల పుడుతుంది. అదీ పావురం పిల్లలాగే, కళ్లు తెరవదు, ఒంటిమీద నూగు కూడా ఉండదు. మొదట్లో తల్లిదండ్రులు సగం అరిగిన చేప ద్రవాన్ని ముక్కు కొసకు జార్చి అందిస్తాయి. కాస్త ఎదిగాక పిల్ల తల ఏకంగా తల్లి గొంతు సంచిలోకి దూరి తింటుంది. పావురం పిల్ల చేసే పనే ఇది, కాకపోతే గింజల బదులు చేపలు. ఎర్రకాళ్ల కొంగ పద్ధతి వేరు: చేపల్ని గూట్లో కక్కుతుంది, పిల్లలు ఏరుకుంటాయి. ఎండ ఎక్కువైతే రెక్కలు గొడుగులా చాచి నీడ పడుతుంది. గూడబాతు పిల్లలు మూడు నుంచి ఐదు నెలలు గూట్లోనో, దాని చుట్టుపక్కలో ఉంటాయి. పెద్ద పక్షి ఐదు కిలోలకు అటూఇటూ తూగుతుంది. వేలెడంత పిల్లను ఆ తూకానికి తేవాలంటే ఆ నెలలన్నీ రోజూ చేపలు మోసుకురావాల్సిందే. అలాంటి గూళ్లు ఒక్క ఊళ్లోనే వందల్లో ఉంటే ఎంత నీరు, ఎంత చేప కావాలో ఆలోచించండి.

ఈ పక్షుల్ని ‘సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు’ అని రాయడం మనకు అలవాటైపోయింది. ప్రేమతో అన్న మాటే, కాదనను. కానీ అది తప్పు, ఆ తప్పుకు ఫలితం ఉంది. చలికాలంలో ఉత్తరాది చలిని తప్పించుకుని నిజంగానే మన తీరానికి వచ్చే బాతులూ ఉల్లంకులూ ఇక్కడ గూళ్లు కట్టవు. అవి తిని, బలం పుంజుకుని వెళ్లి తమ దేశంలో గుడ్లు పెడతాయి. ఏ పక్షైనా గుడ్డు పెట్టి పిల్లను లేపేది తన సొంత చోటునే. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ దక్షిణాసియా పక్షులు. వానలనూ నీటినీ బట్టి ఒక చోటు నుంచి ఇంకో చోటికి తిరుగుతాయంతే. తేలినీలాపురంలో పుట్టిన పిల్లకు తేలినీలాపురమే పుట్టినూరు. అతిథి అనుకుంటే ఉన్నన్నాళ్లు మర్యాద చేసి పంపేస్తే మన బాధ్యత తీరుతుంది. మన గడ్డ మీద పుట్టిన బిడ్డ అనుకుంటే మిగతా నెలల్లో ఆ చెరువులూ ఆ బురదా ఏమవుతున్నాయన్నది కూడా మనమే చూసుకోవాలి.

తేలుకుంచిలో ఈ సంబంధం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడికి తొలకరితో వచ్చేవి నత్తగుల్ల కొంగలు. ముక్కు రెండు దవడల మధ్య సందుండడం వీటి గుర్తు. పుట్టిన పిల్లకు ఆ సందు ఉండదు, ఎదిగేకొద్దీ ఏర్పడుతుంది. 25 రోజులు పొదిగి, పిల్లలకు నత్త మాంసం కక్కి పెడతాయి. ఆ నత్తలు దొరికేది వరి మడుల్లో, కాలవల్లో, చెరువు గట్టు బురదలో. ఈ పక్షులు వస్తే వానలొస్తాయని అక్కడి రైతుల నమ్మకం, అందుకే వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. వాన వస్తేనే నత్తలుంటాయి, నత్తలుంటేనే పిల్ల బతుకుతుంది కాబట్టి పక్షి వానతో కలిసి రావడంలో వింత లేదు. ఊరివాళ్లు చెట్టును ఎంత భక్తిగా కాపాడినా, పొలంలో నత్తల్ని చంపే మందు చల్లితే ఆ గూళ్లలో పిల్లలు ఎదగవు. చెట్టుకూ మడికీ మధ్య ఉన్న దూరం మనకే, పక్షికి కాదు.

‘మరి కిందపడిన పిల్లను వదిలేయమంటారా?’ అని అడిగేవాళ్లుంటారు. అననే అనను. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో ఇవే రెండు రకాల పక్షులు ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. అక్కడి యువకులు ‘హెజ్జార్లె బళగ’ పేరుతో బృందంగా ఏర్పడ్డారు. హెజ్జార్లె అంటే కన్నడంలో గూడబాతు. గూళ్లలోంచి పడ్డ పిల్లల్ని ఒక దొడ్డిలో ఉంచి, చేపలు పెట్టి, ఎగరగలిగాక వదులుతారు. అస్సాంలో పూర్ణిమాదేవి బర్మన్, ఆమె వెంట నడిచిన పల్లె ఆడవాళ్లు హర్గిలా కొంగ గూళ్ల కింద వలలు కట్టి పిల్లల్ని కాపాడారు. ఆ కృషికే ఆమెకు 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం వచ్చింది. ఈ పనులు శ్రీకాకుళంలోనూ జరగాలి, శ్రద్ధగా జరగాలి. అయితే వీటిలో ఒక విషయం గమనించాలి. చేపలు తిని నిలదొక్కుకునే వయసున్న పిల్లనే దొడ్డిలో పెంచగలం. కళ్లు తెరవని పిల్లను కాదు. పైగా వల ఆపేది పడిపోవడాన్ని, ఆకలిని కాదు. గూడబాతు గుడ్లు ఒకటి రెండు రోజుల తేడాతో పొదుగుతాయి కాబట్టి ముందు పుట్టినది పెద్దదై ఉంటుంది. చేపలు పుష్కలంగా వస్తే అన్నీ ఎదుగుతాయి. కరువైతే పెద్దది అంతా మింగేస్తుంది, చిన్నది చిక్కి శల్యమవుతుంది, లేదా తోపులాటలో గూటి అంచు దాటుతుంది. చెట్టు కింద పడే పిల్లలు ఎక్కువైతే గాలివానల్నే కాదు, చిత్తడిలో చేపలేమయ్యాయో కూడా అనుమానించాలి.

ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు చెబుతారు. బలమున్నది బతుకుతుంది, బలహీనమైనది పోతుంది, అది ప్రకృతి ధర్మం, మధ్యలో మనమెందుకు అంటారు. ప్రకృతి తన దారిన తాను నడుస్తున్న చోట ఈ మాట ఒప్పుకోవచ్చు. ఇక్కడ అలా లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140 కిలోమీటర్లకు పైగా వేగంతో వీచిన గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అక్టోబరంటే తేలినీలాపురానికి పక్షులు చేరే రోజులు, తేలుకుంచిలో కొంగలింకా ఉండే రోజులు. ఒకప్పుడు అలాంటి గాలికి ఒక తోపు పోతే పక్షులు పక్క తోపుకు మారేవి. గూడు మోయగల పెద్ద చెట్లు కొన్ని గుంపులకే మిగిలిపోయాక మారడానికి చోటేది? చెట్లు కొట్టిందీ, చిత్తడి పూడ్చిందీ మనిషి అయినప్పుడు నష్టాన్ని మాత్రం ప్రకృతి ఖాతాలో రాయడం న్యాయం కాదు. చట్టం కూడా అలా రాయనివ్వదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో అడవి పక్షి గుడ్లు పాడుచేయడం, గూటిని కదిలించడం కూడా వేటే.

తల్లిదండ్రుల తిండే అసలు విషయం అనడానికి బాధాకరమైన రుజువు 2021 డిసెంబరులో, 2022 జనవరిలో తేలినీలాపురంలోనే దొరికింది. ఆ చలికాలంలో వందకు పైగా గూడబాతులు చచ్చిపోయాయి. బర్డ్ ఫ్లూ అని అందరూ భయపడ్డారు. పరీక్షిస్తే లోపల నులిపురుగులు బయటపడ్డాయి. ఈ జాతి పురుగుల పిల్లదశ చేపల ఒంట్లో గడుస్తుంది; ఆ చేపను మింగిన పక్షి కడుపులో అవి పెరుగుతాయి. అంటే చెట్టు బాగుంది, గూడు బాగుంది, ఊరివాళ్లు బాగా చూసుకున్నారు, అయినా చావు చేప రూపంలో వచ్చింది. జనవరి పిల్లల్ని మేపే నెల. ఆ నెలలో ఒక పెద్ద పక్షి పోయిందంటే రెండు మూడు నోళ్ల తిండి సగానికి పడిపోయినట్టే. ఏ వలా ఏ దొడ్డీ ఆ లోటు పూడ్చలేదు. పక్షులు మేసే చెరువుల్లో నీటినీ, చేపలనూ పిల్లల కాలం మొదలవకముందే పరీక్షించే ఏర్పాటు ఉంటే జబ్బు ముందే తెలిసే అవకాశం ఉంటుంది. చచ్చిన పక్షుల్ని లెక్కపెట్టడం కన్నా అది ఎంతో మేలైన పని.

కొల్లేరు కథ కూడా ఇదే చెబుతుంది. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె.నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల పెద్ద కాలనీని గుర్తించి లోకానికి తెలియజేశారు. 1970ల్లో ఆ కాలనీ ఖాళీ అయింది. తర్వాతి కాలంలో ఆటపాకలో పక్షులు మళ్లీ గూళ్లు కట్టడం మొదలుపెట్టాయి. అక్కడ చెట్లు చాలక అటవీ శాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతితే వాటి మీద కూడా గుడ్లు పెట్టాయి. కొమ్మ లేకపోయినా ఇనుప చట్రంతో సర్దుకున్నాయి. చేప లేని చోట ఎంత మంచి కొమ్మ ఉన్నా సర్దుకోవు. ఆటపాక స్టాండ్లు పనిచేసింది అవి కొల్లేటి నీళ్ల మధ్య ఉండబట్టే.

ఇక అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మనుషుల బతుకు గురించి. పక్షుల కోసం చిత్తడి అలాగే ఉంచమంటే ఉపాధి ఎలా, రేవు ఎలా, పరిశ్రమ ఎలా అంటారు. చెట్టు కింద రెట్టల కంపు భరించేది ఎవరు, గూళ్లున్న చెట్ల మీద చింతపండు నష్టపోయేది ఎవరు అని కూడా అడుగుతారు. రెండో ప్రశ్నకు జవాబు కష్టమేమీ కాదు: కొక్కరెబెళ్లూరులో చెట్ల యజమానులకు కర్ణాటక అటవీ శాఖ పరిహారం ఇస్తోంది, ఇక్కడా ఇవ్వవచ్చు. మొదటి ప్రశ్నకు ఈ జిల్లా చరిత్రే కొంత జవాబు చెబుతుంది. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలకు వ్యతిరేకంగా నిలబడిన జనం మీద కాల్పులు జరిగి మనుషులు చచ్చిపోయారు. వాళ్లు పక్షుల కోసం ప్రాణాలివ్వలేదు. బీల, తంపర అనే చిత్తడి నేలల్లోని నీటికోసం, చేపకోసం, పశువుల మేతకోసం నిలబడ్డారు. గూడబాతు తన పిల్లకు మోసుకెళ్లేదీ అలాంటి నీటిలో చేపే. మత్స్యకారుడి బతుకూ పక్షి బతుకూ ఒకే నీటి మీద ఆధారపడ్డాయి కాబట్టి ఒకదాన్ని రెండోదానికి పోటీ పెట్టడం ఇక్కడ కుదరదు. మూలపేటలో రేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రేవు పక్కన రోడ్లు, గోదాములు, గట్లు వస్తాయి. వాటిని ఎక్కడ కట్టాలో తేల్చేటప్పుడు ఉప్పుటేరు నీరు నౌపడ చిత్తడిలోకి వచ్చీపోయే దారి మూసుకుపోకుండా చూడమనడం అభివృద్ధికి అడ్డు చెప్పడం కాదు.

చేయాల్సిన పనులకు కాలం కూడా పక్షులే నిర్ణయించి ఉంచాయి. తేలుకుంచికి జూన్‌లో, తేలినీలాపురానికి సెప్టెంబరు, అక్టోబరుల్లో పక్షులు వస్తాయి. పూడిక తీయడం, గట్లు బాగుచేయడం, కొమ్మలకు ఊతాలు కట్టడం, వలలు సిద్ధం చేయడం ఆ లోపే అయిపోవాలి. పిల్లలు గూళ్లలో ఉన్న నెలల్లో చెట్ల కింద మైకులు, బాణసంచా ఉండకూడదు, డ్రోన్లు ఎగరకూడదు. చిత్తడి పక్క చెరువుల్లో పురుగుమందు కలిసే నీటిని వదలకూడదు. మొక్కలు నాటడం మాత్రం ఏ ఏడూ ఆపకూడదు, ఎందుకంటే గూడబాతు గూటిని మోసే చింతచెట్టు ఎదగడానికి ఓ తరం పడుతుంది. ఇవాళ ఆ చెట్ల మీద కళ్లు తెరుస్తున్న పిల్లలు పెద్దవై, వాటి పిల్లల్ని పెంచుకోవడానికి మళ్లీ ఇటే వస్తే వాటికి కావాల్సిన కొమ్మలు ఈ వానాకాలం నాటే మొక్కల నుంచే రావాలి.